నీటి పేర్లు గల ఊళ్లు: పాత పటముల వెంట హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

మన దేశములో మిక్కిలి తక్కువ వర్షము కురియు ప్రాంతములలో అనంతపురం సీమ ఒకటి. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. కొన్ని సంవత్సరములు అదియు కురియదు. ఇట్టి సీమలోని ఊళ్ల పేర్లు ఒకసారి వరుసగా చదివి చూడండి. పాలసముద్రం, నాగసముద్రం, మణేసముద్రం, బుక్కరాయసముద్రం, కొత్తచెరువు, పూలకుంట, తూముకుంట. సముద్రము ఎన్నడూ చూడని మన పెద్దలు తమ ఊరి చెరువునకు సముద్రమని పేరు పెట్టుకున్నారు. అది గొప్పల కొరకు పెట్టిన పేరు కాదు. ఆ నీరు నిలిస్తేనే ఆ ఊరు నిలిచేది. అందువలన ఊరికి నీటి పేరే పెట్టారు.

ఇప్పుడు ఈ ఊళ్లలో అనేకము పట్టణముల శివారులైపోయాయి. చెరువు పేరు బస్సు బోర్డు మీద ఉన్నది గాని చెరువు ఎక్కడ ఉండినదో చెప్పగలవారు తగ్గిపోతున్నారు. ఈ మార్పును కండ్లారా చూడవలెనని మేము నలుగురము తలంచాము. మాలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దాయన, ఒకరు కళాశాల విద్యార్థిని. పెద్దాయన వద్ద 1970ల నాటి సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఉన్నాయి. విద్యార్థిని ఫోనులో నేటి ఉపగ్రహ చిత్రములు ఉన్నాయి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని కొన్ని శనివారములు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణముల చుట్టూ తిరిగాము. అక్కడ చూచినదానిని మీతో పంచుకొనుటయే ఈ వ్యాసము.

పటము ఎట్లు తయారైనది

ముందుగా ఈ పటముల చరిత్ర కొద్దిగా తెలిసికొనుట మంచిది. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుచేత వీటికి దత్తమండలములని పేరు వచ్చింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి, పొలములన్నిటిని కొలిపించి శిస్తు నిర్ణయించాడు. తరువాత కాలిన్ మెకంజీ 1809 నుండి 1815 వరకు దత్తమండలములను సర్వే చేయించాడు. కావలి వెంకట లక్ష్మయ్య వంటి తెలుగువారు మెకంజీ క్రింద పనిచేసి, ఊరూరి కథలను కైఫీయతులుగా సేకరించారు. అదే కాలములో విలియం లాంబ్టన్ మద్రాసులో 1802లో ఆరంభించిన త్రికోణ సర్వేలో భాగముగా 1811లో గుత్తి దగ్గర నేల మీద ఒక ఆధార రేఖను కొలిచారు. కొండ మీది నుండి కొండ మీదికి చూచి కోణములు కొలుచుట వారి పద్ధతి. మన రాయలసీమ బోడికొండలు వారికి ఎంతో ఉపయోగపడ్డాయి.

1858లో మద్రాసు రాష్ట్రమునకు ప్రత్యేకముగా సర్వే శాఖ ఏర్పడింది. మైలునకు 16 అంగుళముల లెక్కన గ్రామ పటములు గీయబడ్డాయి. మన తాతలు నక్షా అనేది వాటినే. అదే 1858లో ఫ్రాన్సు దేశములో నాదార్ అను ఫోటోగ్రాఫరు బెలూను ఎక్కి, భూమిని పైనుండి ఫోటో తీశాడు. ఇక్కడ గొలుసు పట్టుకొని పొలము కొలుచుచుండగా అక్కడ ఆకాశము నుండి చూచుట మొదలైనది.

విమానము నుండి తీయు ఫోటోలలో ఒక విశేషము కలదు. ఒక ఫోటోకు, దాని తరువాతి ఫోటోకు మధ్య సగము కంటె ఎక్కువ నేల రెండింటిలోను పడునట్లు తీస్తారు. ఆ జంటను స్టీరియోస్కోపు క్రింద పెట్టి రెండు కండ్లతో చూస్తే కొండ పైకి లేచినట్లు, వాగు లోతుకు దిగినట్లు కనబడుతుంది. సర్వే వారు ఇటువంటి ఫోటోలను చూచి, ఎత్తుపల్లములను తెలుపు గోధుమరంగు గీతలు గీస్తారు. ఆ ఫోటోలు చాలకాలము సామాన్యులకు దొరకలేదు. రక్షణ శాఖ అనుమతి కావలసి ఉండేది. 1974లో హైదరాబాదులో జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడింది. 1988 మార్చిలో ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము పైకి వెళ్లింది. 2009లో ఇస్రో వారి భువన్ వచ్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వము పటముల మీది ఆంక్షలను చాలవరకు సడలించింది. ఒకప్పుడు తాళము వేసిన బీరువాలో ఉండిన సమాచారము ఈనాడు పిల్లవాని చేతిలోని ఫోనులో ఉన్నది. దానిని చదువుట నేర్చుకొనవలసినది మనమే.

చదువుట కష్టము కాదు. సర్వే ఆఫ్ ఇండియా షీటులో నీరు నీలము, సాగు భూమి పసుపు, అడవి పచ్చ, ఊళ్లు, రోడ్లు ఎరుపు. ఎండిన వాగు నల్లని గీత. చెరువు కట్ట ప్రక్కన ఒక చిన్న అంకె ఉంటుంది. అది కట్ట ఎత్తు. మా మూడు పట్టణములను చూచుటకు నాలుగు షీట్లు కావలసి వచ్చాయి. ధర్మవరం 57 ఎఫ్/11లో, పెనుకొండ 57 ఎఫ్/12లో ఉన్నాయి. హిందూపురం మాత్రము 57 జి/5, 57 జి/9 అను రెండు షీట్ల అంచున ఉన్నది. 77 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖ ఆ పట్టణము అంచునే పోవుచున్నది. హిందూపురం శివారు చూడవలెనంటే రెండు కాగితములు అతికించి చూడవలసిందే.

హిందూపురం: గీత ఎక్కడ ఆగింది?

గుత్తి నేలిన మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేర ఈ పట్టణము నెలకొల్పెనని చెబుతారు. బెల్లము, చింతపండు, పట్టుగూళ్ల మార్కెట్టులకు ఇది పేరుపొందిన ఊరు. 1890లలో గుంతకల్లు నుండి బెంగుళూరు వైపు రైలు దారి ఈ ఊరి మీదుగా వచ్చింది. 1901లో ఇరవై వేల లోపు జనము ఉండిన పట్టణము 2011 నాటికి లక్షన్నర దాటింది. నంది కొండలలో పుట్టిన పెన్నానది మన రాష్ట్రములో అడుగుపెట్టేది ఈ ప్రాంతములోనే. పరిగి దగ్గర జయమంగళి వచ్చి పెన్నలో కలుస్తుంది. పెన్న ఇసుకలో కాలువలు త్రవ్వి, ఊరిన నీటిని పొలములకు పారించుకొను ఊట కాలువల సేద్యము ఇక్కడ ప్రసిద్ధి. బోరుబావులు పెరిగిన తరువాత ఆ ఊటలు ఎండిపోయాయి. పాత షీటులో ఆ కాలువల గీతలు సన్నగా ఉన్నాయి. ఉపగ్రహ చిత్రములో వాటి స్థానములో మొక్కజొన్న, మల్బరి తోటల చతురస్రములు, వాటి మధ్య బోర్ల దగ్గరి చిన్న గదులు కనబడుతున్నాయి.

తూముకుంట అను పేరే ఒక పటము. తూము అంటే చెరువు నుండి నీరు వదలు ద్వారము. కుంట అంటే చిన్న చెరువు. ఈనాడు తూముకుంట అనగానే జనులకు జ్ఞాపకము వచ్చేది పారిశ్రామికవాడ. పరిశ్రమలు రావలసినవే. వేలమందికి అన్నము పెడుతున్నాయి. 2008 మే నెలలో దేవనహళ్లి దగ్గర బెంగుళూరు విమానాశ్రయము తెరచిన తరువాత హిందూపురం చుట్టూ భూమి ధర మారిపోయింది. వేరుశనగ పండిన చెలకలలో తెల్లరాళ్లు నాటి ప్లాట్లు వేశారు.

ఇక్కడ మాకు మరొక పని కూడ ఉన్నది. మాకు తెలిసిన ఒక సోదరి నర్సుగా ముప్పది సంవత్సరములు పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. వచ్చిన డబ్బులో కొంత కుమార్తె వివాహమునకు ఖర్చు కాగా, మిగిలినదానితో ఇల్లు కట్టుకొనవలెనని పట్టణపు శివారులో మూడు సెంట్ల స్థలమునకు అడ్వాన్సు ఇచ్చియున్నారు. రిజిస్ట్రేషనునకు ఇరవై దినముల గడువు ఉన్నది. "అన్నా, మీరు పటములు పట్టుకొని తిరుగుతున్నారు కదా, నా స్థలము కూడ చూడండి" అని అడిగారు. ఆ ఊరి పేరు, అమ్మినవారి పేరు ఇక్కడ వ్రాయుట లేదు. అటువంటి స్థలములు అన్ని ఊళ్లలోను ఉన్నాయి.

పెద్దాయన షీటు పరచి, కండ్లద్దములు సవరించుకొని, వ్రేలితో ఒక నల్లని గీతను చూపించారు. పైనున్న చెరువు మరువ నుండి బయలుదేరి క్రిందనున్న కుంట వరకు పోవు వంక అది. తరువాత విద్యార్థిని ఫోనులో అదే చోటు చూపింది. పై చెరువు నుండి వంక స్పష్టముగా వస్తున్నది. దానికి ఇరువైపుల కంపచెట్లు నల్లని చారవలె ఉన్నాయి. లేఅవుటు గోడ దగ్గరకు వచ్చి ఆ చార ఆగిపోయింది. గోడకు ఆవలి వైపు, రెండు వందల మీటర్ల తరువాత, మరల మొదలైనది. నడుమ చక్కని తారురోడ్డు, ఇరువైపుల ప్లాట్లు. ఆమె మూడు సెంట్లు సరిగ్గా ఆ నడుమ ఉన్నాయి.

మేము వెళ్లి చూచాము. పాత మట్టిరోడ్డు క్రింద ఒక రాతి కల్వర్టు ఉన్నది. దాని ముందు నీరు లేదు. వెనుక దారి లేదు. రెండు వైపుల మట్టి పోసి చదును చేశారు. కల్వర్టు కట్టినవాడు ఉత్తినే కట్టడు గదా! అక్కడ మేకలు మేపుకొనుచున్న ఒక అవ్వను అడిగాము. "ఈడ వంక ఉండె నాయనా. మరువ దుంకితే మోకాలి లోతు పారేది. ఇప్పుడు వానలే లేవు, ఎవురికి కనపడ్తాది?" అన్నది.

మరునాడు గ్రామ సచివాలయములో నక్షా చూడగా ఆ వంకకు వేరే సర్వే నంబరు ఉన్నది. రికార్డులో వంక పోరంబోకు అని స్పష్టముగా వ్రాసియున్నది. సోదరి ఆ స్థలము మానుకున్నారు. ఇచ్చిన అడ్వాన్సులో సగము మాత్రము నాలుగు నెలల తరువాత తిరిగి వచ్చింది. మిగిలినది రాలేదు. ఆమెకు అది చిన్న మొత్తము కాదు. అయినను, ఇల్లు కట్టిన తరువాత తెలిసి ఉంటే పోవునది మూడింతలు. ఈనాడు ఆమె మెరక మీద రెండు సెంట్లలో రెండు గదుల ఇల్లు వేసుకొని ఉన్నారు.

పెనుకొండ: రాజు త్రవ్వించిన కాలువ

హిందూపురం నుండి ఉత్తరముగా పోయి జాతీయ రహదారి చేరితే ఎదురుగా పెనుకొండ కనబడుతుంది. 1565 యుద్ధములో విజయనగరము పాడైన తరువాత తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆ శతాబ్దము చివరలో రాజధాని చంద్రగిరికి తరలిపోవు వరకు ఇది తెలుగు, కన్నడ దేశములకు పెద్ద పట్టణము. గగనమహలు, కోటగోడలు, జైన మందిరము, బాబయ్య దర్గా ఇప్పటికిని చూపరులను రప్పిస్తున్నాయి. కొండ ఎక్కి క్రిందికి చూస్తే అది విమానము నుండి తీసిన ఫోటోవలెనే ఉంటుంది. కొండ పాదము చుట్టూ చెరువులు, చెరువుల క్రింద పచ్చని మడులు, వాటికి ఆవల ఎర్రని మెట్ట. రాజులు ఇక్కడ కోట కట్టుటకు కొండ ఒక్కటే కారణము కాదు. కొండ మీద పడిన ప్రతి చుక్కను క్రింద పట్టి నిలుపుకొనుటకు వీలున్నది.

అదియు చాలలేదు. 1388 నాటి ఒక శాసనము గౌరిబిదనూరు ప్రాంతములో దొరికింది. పెనుకొండ నుండి పరిపాలించుచున్న బుక్కరాయలు సింగయభట్టు అను జలసూత్ర నిపుణుని పిలిచి, పెన్నానదిని పెనుకొండకు తీసికొని రమ్మని ఆజ్ఞాపించాడు. సింగయభట్టు శిరువెర చెరువు వరకు కాలువ త్రవ్వించి దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. రాజు పేరు కాలువకు పెట్టుట ఆనాడు గౌరవము. ఆరు వందల సంవత్సరముల క్రిందట ఈ దేశములో నీటిని ఎత్తుపల్లములు చూచి నడిపించుటకు ప్రత్యేకమైన చదువు ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. చెరువు కట్టినవానికి, మరమ్మతు చేసినవానికి దశబంధము అను మాన్యము ఇచ్చు ఆచారము కూడ ఈ సీమలో ఉండేది. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుటకు నీరుగంటి ఉండేవాడు.

ఇప్పుడు షీటు నుండి ఎర్రమంచి వైపు చూద్దాము. పాత షీటులో ఎర్రమంచి చుట్టూ పసుపురంగు, అక్కడక్కడ తెలుపు. అనగా మెట్టసేద్యము, బీడు. 2017లో కియా కార్ల కంపెనీకి, రాష్ట్ర ప్రభుత్వమునకు ఒప్పందము కుదిరింది. 536 ఎకరములలో కర్మాగారము లేచింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. సంవత్సరమునకు మూడు లక్షల కార్లు చేయగల శక్తితో అది మొదలైనది. 2016 నాటి ఉపగ్రహ చిత్రమును, 2019 నాటి చిత్రమును ఒకదాని తరువాత ఒకటి చూస్తే మూడు సంవత్సరములలో ఎర్రనేల అంతా తెల్లని కప్పులుగా మారిపోయినట్లు కనబడుతుంది. అక్కడి నుండి మరికొంత దక్షిణమునకు పోతే పాలసముద్రం. అక్కడ 500 ఎకరములలో కస్టమ్స్ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చు జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించారు.

ఇంతటి మార్పునకు నీరు ఎక్కడిది? పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయము నుండి. హంద్రీ-నీవా పథకము ద్వారా శ్రీశైలం వెనుకజలముల నుండి కృష్ణానీటిని పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తి ఇక్కడకు తెచ్చారు. హిందూపురమునకు త్రాగునీరు కూడ ఇక్కడి నుండి గొట్టములలో పోవుచున్నది. ఆనాడు బుక్కరాయలు పెన్నను పిలిచాడు. ఈనాడు కృష్ణను పిలిచాము. ఈ నీటివలన చాలమందికి మేలు కలిగింది. అయితే వందల కిలోమీటర్లు కరెంటుతో ఎత్తి తెచ్చిన నీటిని నిలుపుటకు మరల ఆ పాత చెరువులే కావలెను. కాలువ వచ్చి చెరువు పోతే ప్రయోజనమేమి? మేము తిరిగినప్పుడు ఒక రైతు తన కుంటను చూపి, "కృష్ణ నీళ్లు వదిలినారు సారూ. కానీ మా కుంటకు వచ్చే దోవ మీద మూడు ఇండ్లు లేచినాయి" అని చెప్పాడు. పాత షీటు మీద ఆ దోవ ఉన్నది. పసుపు మీద నల్లని గీత.

ధర్మవరం: పైనుండి కనబడని మగ్గములు

ధర్మవరం పట్టుచీరకు పేరుపొందిన పట్టణము. 2011 లెక్కలలో లక్షా ఇరవై వేలకు పైగా జనము. క్రియాశక్తి ఒడెయరు అను ప్రభువు తన తల్లి ధర్మాంబ పేర ఊరు నెలకొల్పి, పెద్ద చెరువు కట్టించెనని పూర్వము నుండి చెప్పుకొను మాట. చిత్రావతి నీరు కాలువ ద్వారా ఆ చెరువులోనికి వస్తుంది. ఉపగ్రహ చిత్రములో చెరువు నిండిన సంవత్సరము పట్టణము కంటె చెరువే పెద్దదిగా కనబడుతుంది. ఎండిన సంవత్సరము అదే చోట బూడిదరంగు మైదానము, దాని మీద బండ్ల బాటలు. ఒక్క చిత్రము చూచి ఇది ఖాళీ స్థలము అని అనుకొనవచ్చును. పది సంవత్సరముల చిత్రములు వరుసగా చూచినవాడు ఆ మాట అనడు.

రైలు గుర్తులు కూడ ఇక్కడ చదువదగినవి. పాత షీటులో ధర్మవరం నుండి కదిరి మీదుగా పాకాల పోవు దారి మీటరు గేజి గుర్తుతో ఉన్నది. ఇప్పుడది బ్రాడ్ గేజి. పుట్టపర్తి యాత్రికుల కొరకు 2000 నవంబరులో తెరచిన సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను పాత షీటులో లేనే లేదు. స్టేషను వచ్చిన చోటనెల్ల చుట్టూ ఇండ్లు పెరిగినట్లు చిత్రములు చెబుతున్నాయి.

అయితే ధర్మవరములో అసలు సంగతి పైనుండి కనబడదు. వేల మగ్గములు ఇండ్ల కప్పుల క్రింద ఉన్నాయి. గుంట మగ్గము సంగతి మీకు తెలిసే ఉంటుంది. నేలలో గుంట త్రవ్వి, నేత పనివాడు గుంటలో కాళ్లు పెట్టి తొక్కుచు నేస్తాడు. ఇల్లు పల్లములో ఉంటే వానాకాలములో ఆ గుంటలోనికి మొదట నీరు వస్తుంది. ఒక చీర పడుగు తడిస్తే కొన్ని దినముల కూలి పోతుంది. పట్టు పాడైతే అప్పు మిగులుతుంది. మేము వెళ్లిన ఒక కాలనీలో ఒక తల్లి గోడ మీది చార చూపించారు. నేల నుండి రెండు అడుగుల ఎత్తు. "2021లో ఇంతవరకు వచ్చినాయి. మూడు వారాలు గుంట ఆరలేదు" అన్నారు. ఫోను తెరచి చూచాము. పాత షీటు తీసి చూచాము. రెండింటిలోను ఆ కాలనీ పల్లము చివరలోనే ఉన్నది. చవకగా దొరికిన స్థలము అదే. పేదలకు చవకగా దొరికేది సాధారణముగా నీటి దారిలోనే దొరుకుతుంది. చెప్పవలసిన మాటలలో ఇది మొదటిది.

ఆ 2021 నవంబరు 19వ తేదీని ఈ ప్రాంతము మరచిపోదు. చెన్నేకొత్తపల్లి మండలములో వెల్దుర్తి దగ్గర చిత్రావతి ఒక్కసారిగా పొంగింది. వరదలో పదిమంది ఒక జె.సి.బి. యంత్రము మీద నిలబడి ప్రాణములు అరచేత పట్టుకున్నారు. వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని పైకి లాగింది. మరుసటి సంవత్సరము 2022 అక్టోబరులో అనంతపురములో నడిమివంక పొంగి కాలనీలను ముంచింది. కరవు సీమ అనుకొని నీటి దారిని మరచిన చోట వరద మరింత నష్టము చేస్తుంది. పది సంవత్సరములు రాని నీరు ఒక్క రాత్రి వస్తుంది. వచ్చినప్పుడు పల్లమునే వెదకుకొని పోతుంది.

పటము చెప్పనిది, మనము చేయదగినది

పటమునకు కూడ పరిమితులున్నాయి. ఎర్రమంచిలో భూమి ఇచ్చిన రైతు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో ఉపగ్రహము చెప్పదు. నీరుగంటి కుమారుడు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాయుచున్నాడో షీటులో గుర్తు లేదు. ఆ సంగతులు మనుష్యులను అడిగి తెలిసికొనవలసినవే. అందుచేత పటము, పైచిత్రము, పెద్దల నోటి మాట, ఈ మూడును కలిపి చూడవలెనని మా అనుభవము. మూడింటిలో రెండు ఒకటే చెబితే నమ్మవచ్చును.

ఇంటి స్థలము కొనదలచిన కుటుంబములు ఈ క్రింది సంగతులు గమనింతురు గాక. మొదట ఆ స్థలము సర్వే నంబరు అడిగి, గ్రామ సచివాలయ సర్వేయరు వద్ద నక్షాను, ఎఫ్.ఎం.బి.ని చూడండి. ప్రక్క నంబరులలో వంక, చెరువు, కుంట, కాలువ పోరంబోకు ఏదైనను ఉన్నదా అని అడగండి. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింద నిషేధ జాబితాలో ఆ నంబరు ఉన్నదేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో విచారించండి. సర్వే ఆఫ్ ఇండియా వారి పోర్టలులో షీట్లు 2017 నుండి ఉచితముగా దొరుకుచున్నాయి. కంప్యూటరు వచ్చిన పిల్లలచేత దించుకొనండి. 1984 నుండి సంవత్సరము వారీగా ఉపగ్రహ చిత్రములు చూచు వీలు కూడ ఉన్నది. వాన కురిసిన మరునాడు ఒకసారి ఆ స్థలము చుట్టూ నడచి రండి. ఎక్కడైనను పనిలేని కల్వర్టు కనబడితే ఆగి చూడండి.

చట్టము కూడ మన వైపే ఉన్నది. చెరువులు, కుంటలు ఊరి అందరి ఆస్తి గనుక వాటిని కాపాడవలెనని 2001లో సుప్రీంకోర్టు హించ్‌లాల్ తివారీ కేసులో స్పష్టముగా చెప్పింది. మన రాష్ట్రములో నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 2002లో వాల్టా చట్టము వచ్చింది. 2020 డిసెంబరు నుండి రాష్ట్రములో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైనది. కొత్త పటము గీయునప్పుడు పాత వంక జారిపోకుండ చూచుట ఊరివారి బాధ్యత. సర్వేయరు ఊరికి వచ్చిన దినమున పొలము గలవారు మాత్రమే వెళ్లుట అలవాటు. పొలము లేనివారు కూడ వెళ్లి, "అయ్యా, మా కుంటకు నీళ్లు వచ్చే దారి గీసినారా?" అని అడుగవలెను. ఆ కుంట వారిది కూడ.

సెలవులలో పిల్లలతో ఈ పని చేయించుటకు మంచి అవకాశమున్నది. ఒక ఊరిని ఎంచుకొని దాని పేరులో ఉన్న కుంటనో, సముద్రమునో వెదకమనండి. కట్ట ఎక్కడ, తూము ఎక్కడ, మరువ ఎక్కడ, నీరు ఎక్కడ నుండి వచ్చేది, ఎక్కడికి పోయేది అని పెద్దలను అడిగి ఒక తెల్లకాగితము మీద గీయమనండి. మాతో వచ్చిన విద్యార్థిని అట్లే తన అమ్మమ్మ ఊరికి గీసింది. చివరి శనివారము ఆ కాగితమును పెద్దాయనకు చూపింది. ఆయన చాలసేపు చూచి, కలము తీసికొని ఒక్కచోట మాత్రము దిద్దారు. మరువ కట్టకు కుడి వైపున కాదు, ఎడమ వైపున ఉండినదట. ఆయన ఉద్యోగములో చేరిన సంవత్సరము ఆ మరువ మీద కూర్చుండి సద్ది తిన్నారట.